సగం వీధిలో గరగ

జనవరి 6, 2006, శుక్రవారం

మెస్సుకి కూరగాయలు పంపే కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరం డైరీలు పంచారు. అట్ట మీద టమాటా బొమ్మ. మా మెస్సు ముదీర్, అంటే మేనేజరు, ఒకటి తనకు ఉంచుకుని ఇంకొకటి నాకిచ్చాడు. అరబ్బీ డైరీ కుడివైపు నుంచి తెరుచుకుంటుందని తెలియక మొదట డిసెంబర్‌లో నాలుగు ముక్కలు రాసేసి, తర్వాత కొట్టేశాను.

మొదటి పేజీలో గడులున్నాయి. నింపాను.

పేరు: మంగరాజు. ఊరు: తాటిలంక, తూర్పు గోదావరి. పని: గల్ఫులో, రువైస్ రిఫైనరీ క్యాంపు మెస్సులో వంట. బరువు: ఈ గడి వదిలేశాను. ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలి: అనంతలక్ష్మి, భార్య. ఆవిడకి నా ప్రమాదాలు కొత్తేం కాదు, మొదటిది దగ్గరుండి చూసింది.

ఈ వారం ఇంటికి వెళ్ళే సెలవు ఫారం వచ్చింది. ఆగస్టు నుంచీ వంతు నాదే. పోయినసారి ఒకరికి ఇచ్చాను, ఈసారి పిండి రుబ్బే నేపాలీ ఆయనకి ఇచ్చాను. వాళ్ళమ్మకి కళ్ళ ఆపరేషనట. గదిలో నా పక్క మంచం బుడేన్ సాహెబ్‌ది. కడప మనిషి, వారానికోసారి మెస్సు పికప్పు తోలుకుని అబూధాబీ వెళ్ళి సరుకులు తెస్తాడు. తర్వాతి వంతు, అంటే ఏప్రిల్‌ది, ఆయనది. నేను చేసిన మంచిపనికి మెచ్చుకుంటాడనుకున్నాను. మెచ్చుకోలేదు. "నీకు ఇంటికి పోబుద్ధి కాదా అన్నా?" అని అడిగాడు.

మెస్సులో పని ఎక్కువగా ఉంది. అంతే, ఇంకేం లేదు.

జనవరి 13

ఇంటికి ఫోన్ చేశాను. అంతా బాగున్నారు. "అమ్మవారి గరగ ఉంది చూశారూ..." అని అనంతలక్ష్మి మొదలుపెట్టగానే కార్డు అయిపోయిందని చెప్పి పెట్టేశాను. కార్డులో ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి.

జనవరి 20

ఇంటికి ఫోన్. "మొన్న చెప్పబోయాను కదండీ, గరగ..." అంది. లైను సరిగా లేదన్నాను. లైను బాగానే ఉంది.

జనవరి 27

ఫోన్ చేయలేదు. పప్పు పొంగింది.

ఫిబ్రవరి 10

నిన్న పీర్ల పండగ ఆఖరి రోజు. బుడేన్ సాహెబ్ పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం టీ తాగుతూ తనే చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో వెండి ముఖం పీరుని తాతల నాటి నుంచీ వాళ్ళింటివాళ్ళే ఎత్తుకుంటారట. అన్ని కులాలవాళ్ళూ వచ్చి కాళ్ళ మీద నీళ్ళు పోస్తారట. ఇతను ఇక్కడికి వచ్చాక తమ్ముడు ఎత్తుకుంటున్నాడు. ఈ పదిరోజులూ ప్రాణమంతా అక్కడే ఉంటుందన్నాడు.

ఎప్పుడైనా పడిపోతుందని భయం వేసిందా అని అడిగాను. ఊరికే అడిగాను.

"ఎత్తుకున్నోడు చూసేటోళ్ళను చూడగూడదన్నా. యాడికి పోవల్లనో ఆడికే చూడల్ల. మనం జనం మొగం చూస్తిమా, పీరు బరువైపోతాది."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఉల్లిపాయలు తరగాల్సిన పని ఉంది.

ఫిబ్రవరి 17

ఈరోజు మెస్సులో నా పరువు మజ్జిగలో కలిసింది. ఉన్నదున్నట్టు రాస్తాను, చదివేది ఎలాగూ నేనే.

శుక్రవారం కాబట్టి బిర్యానీ. మజ్జిగ డేగిసా వంటింట్లోంచి హాల్లోకి తీసుకెళ్ళాలి. ఒక చేతిలో గరిటెలు, ఇంకో చేతిలో అప్పడాల బుట్ట. ఏముందని తలమీద తువ్వాలు చుట్టకుదురు చేసుకుని డేగిసా పెట్టుకున్నాను. చేత్తో పట్టుకోకుండానే తలుపు తన్ని లోపలికి వెళ్ళాను. నాకదొక లెక్క కాదు. మెడ కదలదు, నడుము మాత్రమే కదులుతుంది. చిన్నప్పుడు మా నాన్న నీళ్ళబిందెతో గట్లమ్మట నడిపించి నేర్పిన నడక అది.

మొదటి బల్ల దగ్గర వెంకీ ఉన్నాడు. పరంజా కట్టే మనిషి, మాకు నాలుగూళ్ళ అవతలివాడు. అన్నం కలుపుకుంటున్నవాడు ఆపేసి నన్నే చూశాడు. "ఆయ్, అది గరగెత్తే మెడండి. తాటిలంక మంగరాజు గారు కదండీ మీరు?" అని హాలంతా వినపడేట్టు అన్నాడు.

డేగిసాలో మజ్జిగ సగం వెంకీ మీద పడింది, సగం బల్ల మీద. రెండున్నరేళ్ళుగా ఈ క్యాంపులో నేను ఉత్త మంగరాజుని. గరగ అన్న మాట పైకి వినపడగానే మెడ తనంతట తనే తిరిగిపోయింది.

అందరూ తిడతారని అలాగే నిలబడిపోయాను. ఎవరూ తిట్టలేదు. వెంకీ నెత్తిమీంచి కరివేపాకు తీసి పక్కన పెట్టుకున్నాడు. ఒకాయన గుడ్డ తెచ్చాడు. "పోనీలే అన్నా, ఈ పూటకి నీళ్ళు తాగుదాం, కూచో" అన్నారు. మంచినీళ్ళతో బిర్యానీ తినేసి వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 18

వెంకీ ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని గదికి వచ్చాడు. అందరూ గోదావరి వాళ్ళే. ఉగాది మర్నాడు శుక్రవారం కలిసొచ్చింది కాబట్టి మెస్సు హాల్లో తలుపులు వేసుకుని ముత్యాలమ్మకి చిన్న జాతర చేసుకుంటారట. ముదీర్‌ని అప్పుడే అడిగేశారట. గరగ నేను ఎత్తాలట. కాదన్నాను.

ఫిబ్రవరి 19

మళ్ళీ వచ్చారు. కాదన్నాను.

ఫిబ్రవరి 21

మళ్ళీ వచ్చారు. ఈసారి పకోడీలు పట్టుకొచ్చారు. పకోడీలు తిని కాదన్నాను.

ఫిబ్రవరి 24

ఎందుకు కాదంటున్నానో వాళ్ళకి చెప్పలేను. ఇక్కడ రాసుకుంటాను.

మా ఊళ్ళో జాతర రోజున ఆసాది డప్పు పట్టుకుని పాడే కథ ఇదీ. గోదారి వరదలో ముత్యాలమ్మ కుండలో కూర్చుని వచ్చింది. ఏడూళ్ళవాళ్ళు గట్టున నిలబడి పిలిచినా ఆగలేదు. మా వంశంలో మొదటి మనిషి పీకల్లోతు నీళ్ళలోకి దిగి ఆ కుండని తలకెత్తుకున్నాడు. అప్పుడు అమ్మ పలికిందట: నన్ను మోసినంతకాలం నీ ఇల్లు చల్లగా ఉంటుంది, నేల దించిననాడు నీ ఇంట్లో దీపం ఉండదు.

అందుకని ఏటా ఉగాది వెళ్ళిన మూడో మంగళవారం గరగ బయల్దేరుతుంది. ఇత్తడి కుండ, దాని మీద చెక్కతో చేసిన పాము పడగ, చుట్టూ వేపమండలు. గుడి దగ్గర తలకెత్తుకుంటే వీధి చివరి ఇంటిదాకా ఆడుకుంటూ వెళ్ళి, మళ్ళీ గుడికి వచ్చేదాకా నేలకి తగలకూడదు. తాత మోశాడు, నాన్న మోశాడు, పదేళ్ళు నేను మోశాను. 2003లో సరిగ్గా సగం వీధిలో, పొలాలకి నీళ్ళు పారే పంటబోదె గట్టు దగ్గర పడేశాను.

ఆడవాళ్ళు కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తారు కదా, నేల తడిసి ఉంది. కాలు జారింది. అంతే.

డప్పులు ఆగిపోయాయి. నేను లేచి, ఎవరి ముఖమూ చూడకుండా పొలాలమ్మట ఇంటికి వెళ్ళిపోయాను. ఆ ఆగస్టుకి ఇక్కడికి వచ్చేశాను. ఇంట్లో దీపం ఆరిపోకూడదంటే పడేసిన మనిషి ఆ ఇంట్లో లేకపోవడమే మేలనిపించింది. అనంతలక్ష్మికి ఈ మాట చెప్పలేదు. డబ్బుల కోసం వెళ్తున్నానన్నాను.

గరగ ఇప్పుడు ఇంకెవరి తలమీదకో వెళ్ళి ఉంటుంది. ఎవరైతే నాకేం. నాకు పట్టింపు లేదు.

మార్చి 3

కాలు జారలేదు.

ఆ ఏడు మొదటిసారి జాతరకి వీడియో తీసే అతన్ని పిలిచారు. బోదె గట్టు మీద స్టూలేసుకుని నిలబడి "ఇటు చూడండి, ఇటు చూడండి" అన్నాడు. చూశాను. చూసి ఊరుకోకుండా రెండు చేతులూ పైకెత్తి ఇంకో చుట్టు తిరిగాను, ఎవరూ అడగకపోయినా. తిరుగుతూ నవ్వాను కూడా.

ఆ సీడీ మా ఊళ్ళో ఇంటింటికీ ఉంది.

మార్చి 10

బుడేన్ సాహెబ్‌తో అబూధాబీ వెళ్ళాను. చింతపండు ఈసారి నేనే చూసి తీసుకోవాలని వంక పెట్టాను. మూడు గంటల దారంతా ఆయన ఏమీ అడగలేదు. అడగని మనిషి పక్కన కూర్చోవడం ఎంత కష్టమో మొదటిసారి తెలిసింది.

అసలు సంగతి పాపాయమ్మత్త. మా నాన్నకి చెల్లెలి వరస, పదకొండేళ్ళుగా అక్కడో అరబ్బుల ఇంట్లో వంట చేస్తోంది. శుక్రవారం పొద్దున కూరగాయల మార్కెట్‌కి వస్తుంది. బెండకాయలు ఒక్కొక్కటీ తోక విరిచి చూస్తూ దొరికింది. నన్ను చూసి చిక్కిపోయానంది. మెస్సులో వంటవాడు చిక్కిపోవడమేంటని తనే నవ్వింది.

క్యాంపు జాతర సంగతి, నేను కాదన్న సంగతి చెప్పాను. నేల దించినవాడి ఇంట్లో దీపం ఉండదన్న మాట కూడా చెప్పేశాను. అత్త బెండకాయ పక్కన పడేసింది.

"అది ఆసాది పాడేదిరా. మీ మగాళ్ళు వినేది. చలిమిడికి బియ్యం దంచుకుంటా మేం చెప్పుకునేది వేరే ఉంది. నువ్వెప్పుడన్నా విన్నావా?"

విననే లేదు. బియ్యం దంచే చోటికి మగవాళ్ళని రానివ్వరు. ఆ ఊళ్ళోనే పుట్టి ముప్ఫై ఆరేళ్ళు బతికినవాడిని, మా అమ్మవారికి రెండో కథ ఉందని బెండకాయల గుట్ట పక్కన నిలబడి తెలుసుకున్నాను.

ముత్యాలమ్మ వరదలో రాలేదట. కొత్త కోడలట. కోతల రోజుల్లో పొలంలో వాళ్ళకి తరవాణి గంజి కుండ నెత్తిన పెట్టుకుని వెళ్తోంది. బోదె గట్టు మీద నీళ్ళలో తన నీడ కనపడింది. నడక బాగుందే అనుకుని ఓ అడుగు వయ్యారంగా వేసింది. కుండ పడి పగిలింది. ఇంటికి వెళ్తే అత్త చంపుతుంది, పొలానికి వెళ్తే ఆకలిమీద ఉన్నవాళ్ళు తిడతారు. ఎటూ వెళ్ళలేక ఆ గట్టు మీదే ముడుచుకు కూర్చుంది. పొద్దు వాలుతుండగా కోతవాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు. పెంకులు చూశారు, పిల్లని చూశారు. పోనీలే అమ్మా, ఈ పూటకి నీళ్ళు తాగుదాం, లే అన్నారు. ఆ మాటకి ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వే ముత్యాలమ్మ. నన్ను తిట్టని ఊరికి నేను కాపలా ఉంటానందట.

"ఆవిడే పడేసిందిరా మొదట. పడేసినోళ్ళంటే ఆవిడకి కోపమెందుకుంటది?" అంది అత్త. తర్వాత నా వైపు అదోలా చూసి, "ఊళ్ళో సంగతి నీ పెళ్ళాం నీకు చెప్పలేదా?" అంది. ఏ సంగతి అన్నాను. అయితే దాన్నే అడగమని బెండకాయలు తూకానికి ఇచ్చేసింది.

తిరిగి వచ్చే దారిలో ఇసుక చూస్తూ కూర్చున్నాను. పోనీలే, ఈ పూటకి నీళ్ళు తాగుదాం అన్న మాట అంతకుముందే ఎక్కడో విన్నట్టుంది. రువైస్ గేటు దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది. వెంకీ నెత్తిమీద కరివేపాకు గుర్తొచ్చి గట్టిగా నవ్వాను, కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. బుడేన్ సాహెబ్ ఏసీ కాస్త తగ్గించాడు.

చింతపండు మర్చిపోయాను.

మార్చి 11

సరేనన్నాను. ఊరికే, వాళ్ళు మరీ బతిమాలుతున్నారని.

మార్చి 17

ఇంటికి ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. వంకాయలు బాగా కాశాయా అని అడిగాను. కాశాయంది.

మార్చి 24

గరగ తయారైంది. మజ్జిగ పోసిన డేగిసానే తోమి, పసుపు రాశాం. పడగ ప్లైవుడ్డుతో కోశారు. కోసిన ఆయన రిఫైనరీలో పెద్ద కార్పెంటర్, కొలతలు అడిగాడు. పాముకి కొలతలేంటన్నాను. డ్రాయింగ్ లేనిదే తను పని మొదలుపెట్టనని చెప్పి, నా చేత కాగితం మీద పాము గీయించి, కింద సంతకం కూడా పెట్టించుకున్నాడు. క్యాంపు గోడ పక్కన వేపచెట్లున్నాయి. డప్పులకి ఖాళీ నూనె డబ్బాలు ఏరారు. ఆసాది పాట ఎవరికీ రాదు. నేను కథ చెప్తే చాలన్నారు. ఏ కథ చెప్పాలో నాకు తెలుసు.

మార్చి 31, శుక్రవారం

చేశాం.

ముందుగా భోజనం. పులిహోర, గారెలు, నిన్నటి ఉగాది పచ్చడి. నైవేద్యానికి చద్దన్నం, పెరుగు, చలిమిడి. చలిమిడికి బియ్యం పన్నెండు మంది మగాళ్ళం కూర్చుని దంచాం. దంచుతూనే అత్త చెప్పిన కథ చెప్పాను. పరంజాలు ఎక్కేవాళ్ళు, ట్యాంకుల్లోకి దిగి కడిగేవాళ్ళు, రోజూ ఏదో ఒకటి చేయిజారుతుందని భయపడుతూ పనిచేసేవాళ్ళు. పోనీలే అమ్మా అన్న చోట రోకలి ఆగిపోయింది. వెంకీ ముక్కు తుడుచుకుని, చలిమిడిలో పడుతుంది దూరంగా తుడుచుకో అని తిట్లు తిన్నాడు.

గరగ ఎత్తారు. తల మీద బరువు ఆనింది. హాలు చుట్టూ మూడు చుట్లు అనుకున్నాం. నూనె డబ్బాల చప్పుడు మొదలైంది. మొదటి చుట్టు మెడ బిగుసుకుపోయింది. రెండో చుట్టులో ఎవరో కెమెరా ఫోను పైకెత్తారు. చేతులు వాటంతటవే లేవబోయాయి.

చూసేవాళ్ళని చూడకూడదు. వంటింటి తలుపు దగ్గర బుడేన్ సాహెబ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్నే చూస్తూ నడిచాను. బరువు తగ్గిందని చెప్పను, బరువు బరువే. కాని అది నా మెడకి తెలిసిన బరువు. మూడో చుట్టులో ఆడాను. ఎలా ఆడానో నాకు తెలియదు, బాగుందన్నారు.

చివర్లో బియ్యం పోసి దాని మీద గరగ దించాం. పడలేదు. నేనే దించాను, రెండు చేతులతో.

స్నానం చేసి ఫోను దగ్గరికి వెళ్ళాను. కొత్త కార్డు. "అనంతలక్ష్మీ, గరగ గురించి ఏదో చెప్పబోయావు" అన్నాను. కార్డులో ఎన్ని నిమిషాలున్నాయని అడిగింది. ఇరవై అన్నాను. అయితే మధ్యలో మాట్లాడొద్దంది.

నేను వచ్చేసిన తర్వాతి ఏడు మా బాబాయి కొడుకు గరగని తలకెత్తుకోకుండా చేతుల్లో పట్టుకుని బయల్దేరాడట. బోదె గట్టు దగ్గరికి రాగానే ఆడవాళ్ళు వీధికి అడ్డంగా కూర్చున్నారట. అమ్మ ఇక్కడ తనంతట తనే దిగింది, ఎవరి తలమీంచి దిగిందో వాళ్ళే ఎత్తాలి, ఇంకొకరు ఎత్తితే ఒప్పుకోమన్నారట. పెద్దలు ఎంత చెప్పినా లేవలేదు. అక్కడి నుంచే గరగని గుడికి తీసుకెళ్ళిపోయారు. మరుసటి ఏడూ అంతే. గట్టు మీద రాయి నిలబెట్టి పసుపు రాశారు. దిగిన ముత్యాలమ్మ అంటున్నారు.

"దీపం నేనే పెడతన్నానండి, రోజూ సాయంత్రం. మన ఇంట్లో ఒకటి, గట్టు మీద ఒకటి. మీరేమో దీపం ఆరిపోద్దని భయపడి ఎల్లిపోయారు. డబ్బుల కోసం అని నాతో అన్నారు కాని నాకు తెలీదనుకున్నారా? మన సగం వీధికి అమ్మ రాక మూడు జాతర్లయింది. ఏప్రిల్ పద్దెనిమిదిన జాతర. వస్తారా, లేకపోతే లైను బాలేదా?"

లైను బాగుందన్నాను. మిగిలిన నిమిషాలన్నీ నేను ఏడుస్తూ, ఆవిడ వింటూ అయిపోయాయి. ఈసారి కార్డు నిజంగానే అయిపోయింది.

ఏప్రిల్ 1

పొద్దున లేచేసరికి నా మంచం మీద సెలవు ఫారం ఉంది. బుడేన్ సాహెబ్‌ది, ఏప్రిల్ వంతు. నేనింకా ఏమీ అడగలేదు. వద్దన్నాను. "నేను వచ్చే పీర్ల పండక్కి పోతాలే అన్నా. తమ్మునికి భుజం నొప్పంట. నాకు అప్పుడే పని" అన్నాడు.

ఫారంలో కారణం రాసే గడి ఉంది. సగంలో ఆగిన పని పూర్తి చేయడానికి అని ముదీర్‌కి హిందీలో చెప్పాను. ఆయన ఈజిప్టు మనిషి, అన్నిటికీ లెక్క అడుగుతాడు. ఏం పని అన్నాడు. కుండ నెత్తిన పెట్టుకుని వీధి చివర మా ఇంటిదాకా నడవాలన్నాను. ఎంత దూరమన్నాడు. రెండు వందల అడుగులన్నాను. రెండు వందల అడుగులకి నలభై రోజుల సెలవా అని చాలాసేపు నవ్వి, సంతకం పెట్టి, ఖలాస్ అన్నాడు.

ఏప్రిల్ 7

టిక్కెట్ వచ్చింది. అనంతలక్ష్మికి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను, ఈసారి వీడియో అతన్ని మాత్రం పిలవనివ్వద్దని. ఊరంతా కలిసి అప్పుడే పిలిచేశారట, ఇద్దర్ని.

పిలుచుకోనీ. బోదె గట్టు దగ్గర నిలబడితే మా ఇంటి గుమ్మం తిన్నగా కనపడుతుంది. అక్కడ దీపం పెట్టి ఉంటుంది. నేను దాన్నే చూస్తాను.